తాళం వేసిన షెడ్డులో కదిలిన సూది

జగ్గయ్యపేట,
11-6-2023

రూబెన్‌కి మీ బావ ఆశీర్వాదం ప్రభువు పేర వందనాలు చెప్పి రాస్తున్నది.

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు. ఫ్యాక్టరీలో అన్నేళ్లు మిల్లు పక్కన నిలబడ్డ చెవులు ఇవి. చెవి మిషన్ పెట్టుకుంటే ఈగల మోత తప్ప మాట రాదు. వాట్సాప్‌లో రాయొచ్చుగా అంటావు. ఆ ఫోన్ ఎప్పుడూ మీ అక్క చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి ఆవిడకి తెలియకూడదు.

మీ నాన్న ప్రేమదాసు మామయ్య నాకిచ్చిన లేత్ మిషన్ పెరటి షెడ్డులో ఉంది కదా. దాని మీద రైతుల మోటార్లకి షాఫ్టులు చేసిస్తున్నాను. పోయిన నెల వత్సవాయి నుంచి ఒకాయన షాఫ్ట్ వెనక్కి తెచ్చాడు. బేరింగ్ సరిగా కూర్చోవడం లేదట. ఇంకొకటి చేసిచ్చాను. అదీ తిరిగొచ్చింది. ఆయన మంచివాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. మీ అక్కకి తెలిస్తే "కళ్లు మసకలొచ్చాయి, ఇక చాలించండి" అంటుంది. కళ్లు కాదు. టూల్‌ని లోపలికి జరిపే హ్యాండిల్ దగ్గర గీతల రింగు అరిగిపోయింది, స్క్రూ వదులై ప్లే వచ్చింది. ఎంత తిప్పితే టూల్ ఎంత జరిగిందో దేవుడికే తెలియాలి.

కాబట్టి ఒక అటాచ్‌మెంట్ చేద్దామనుకుంటున్నాను. డయల్ గేజ్‌ని పట్టుకునే బ్రాకెట్ ఒకటి చేసి మిషన్‌కి బిగిస్తే, టూల్ వెంట్రుకవాసి జరిగినా సూది చెబుతుంది. హ్యాండిల్ గీతలతో పనే ఉండదు. మామయ్య వాడిన డయల్ గేజ్ నీ దగ్గరే ఉండాలి. పంపగలవా?

ఇంకో మాట. పక్కింటి రత్తయ్య, వెల్డింగ్ షాపు రత్తయ్యే, ఈ మధ్య మా షెడ్డు వైపు తెగ చూస్తున్నాడు. గోడ దగ్గర నిలబడి తల ఎత్తి మరీ చూస్తాడు. ఎందుకో తెలియదు. నీ చెవిన వేసి ఉంచుతున్నాను.

మీ బావ,
ఆశీర్వాదం


నందిగామ,
17-6-2023

బావగారికి వందనాలు.

మీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ కొత్త కుర్రాడు, బ్యాంకు నోటీసేమో అనుకుని జాలిగా ముఖం పెట్టి ఇచ్చాడు.

డయల్ గేజ్ బీరువాలో ఉంది. మెత్తటి గుడ్డలో చుట్టి, మన సంఘంలో వాళ్లు ఆదివారం జగ్గయ్యపేట వస్తుంటే వాళ్లతో పంపుతున్నాను. నాన్న లేత్‌కి నాన్న గేజే పెట్టడం బాగుంది. చాలా కాలం ఊరికే ఉంది కాబట్టి పిన్ను కాస్త పట్టేస్తోంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యండి, ఎక్కువైతే దుమ్ము పడుతుంది. బ్రాకెట్ మాత్రం మందంగా చెయ్యండి. పల్చగా చేస్తే అదే వంగి మీకు అబద్ధం చెబుతుంది.

మా జిన్నింగ్ మిల్లులో ఇప్పుడు పత్తి లేదు. మిషన్లన్నీ విప్పి సర్వీసింగ్ చేస్తున్నాం. రోజంతా షాఫ్టుల కింద పడుకునే ఉంటున్నాను. పని మీద మీ చెయ్యి నాకు తెలుసు. కళ్ల సంగతి మీకే తెలియాలి. అక్క దగ్గర దాచడం ఎందుకో నాకు అర్థం కాలేదు, అయినా నేను చెప్పను.

రత్తయ్య ఏదో ఊరికే చూస్తుంటాడు లెండి. నాన్న లేత్‌ని చూసుకోండి.

మీ
రూబెన్


జగ్గయ్యపేట,
28-6-2023

రూబెన్‌కి,

గేజ్ అందింది. అటాచ్‌మెంట్ పూర్తయింది. నువ్వు చూస్తే బాగుండేది. ఫ్యాక్టరీ తుక్కులో పడేసిన పోత ఇనుప ముక్క ఒకటి దాచిపెట్టుకున్నాను, దాన్ని బ్రాకెట్ చేశాను. గేజ్ మెడ సరిగ్గా పట్టేలా రంధ్రం వేసి, పక్కన రంపంతో చీల్చి, అడ్డంగా ఒక బోల్టు పెట్టాను. బోల్టు బిగిస్తే ఆ చీలిక దగ్గరపడి గేజ్‌ని పట్టేస్తుంది. టూల్‌తో పాటు కదిలే భాగం మీద చిన్న ఇత్తడి దిమ్మ. గేజ్ పిన్ను దానికి ఆని ఉంటుంది. సూది ఒక గీత కదిలితే టూల్ గీతంత లోపలికి పోయినట్టు, షాఫ్ట్ రెండు గీతలంత సన్నబడినట్టు. ఎందుకంటే అది తిరుగుతూ రెండు వైపులా తెగుతుంది కదా. మొదటిరోజు ఊరికే హ్యాండిల్ తిప్పుతూ సూది కదలడం చూస్తూ కూర్చున్నాను. మీ అక్క అన్నం చల్లారిపోతోందని గుమ్మంలోంచి చేతులు ఊపేదాకా లేవలేదు.

ఇక్కడిదాకా సంతోషం.

దానితో మొదటి షాఫ్ట్ తీశాను. షాఫ్ట్‌ని పట్టుకుని తిప్పే చక్ దగ్గర కొలత అచ్చుగుద్దినట్టు వచ్చింది. అవతలి చివర, అంటే షాఫ్ట్ కొనకి ఆనుకునే టెయిల్‌స్టాక్ వైపు, లావుగా ఉంది. సూది ఒకే చోట నిలబడి ఉంది, షాఫ్ట్ మాత్రం ఒక చివర సన్నం, ఒక చివర లావు. మళ్లీ తీశాను. మళ్లీ అంతే. గేజ్ పట్టేస్తోందని నువ్వే రాశావు. పట్టేసే గేజ్ అని తెలిసీ ఎందుకు పంపావు? ఇంట్లో ఇంకోటి లేదా?

నువ్వు ఒకే ఉత్తరంలో "నాన్న లేత్" అని రెండుసార్లు రాశావు. నేను చదువుకోలేదనుకోకు. మామయ్య ఆ లేత్‌ని తన చేతులతో లారీ ఎక్కించి నాకు పంపాడు. అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు, నోరు తెరిచి ఒక్కమాట అనలేదు. ఇప్పుడు ఉత్తరంలో అంటున్నావు.

లేదా టెయిల్‌స్టాక్‌ని ఎవరో పక్కకి జరుపుతున్నారు. దాని అడుగున రెండు స్క్రూలుంటాయి, వాటిని కదిపితే సరిగ్గా ఇదే జరుగుతుంది. అవి ఎక్కడుంటాయో పనివాడికి తప్ప తెలియదు. మా వీధిలో పనివాళ్లం ఇద్దరమే, నేనూ రత్తయ్యా.

ఆశీర్వాదం


నందిగామ,
5-7-2023

బావగారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టాను. నాన్న పోయాక ఆయన వస్తువు ఏది తలచుకున్నా "నాన్నది" అనే వస్తుంది నోటికి. ఇంట్లో ఉన్న కుర్చీని కూడా నాన్న కుర్చీ అనే అంటాం. దానికి ఇంత అర్థం ఉందని నాకు తెలియదు. లేత్ మీదే. నాకు కావాలని ఉంటే ఆ రోజే అడిగేవాణ్ణి. అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగను.

గేజ్ మీద అనుమానం ఉంటే తేల్చుకోవడం తేలిక. కొలత తెలిసిన రేకు ముక్కని పిన్ను కింద పెట్టి, తీసి చూడండి. సూది ఆ కొలతే చెప్పి మళ్లీ సున్నా దగ్గరకి వస్తే గేజ్‌లో దోషం లేదు.

టెయిల్‌స్టాక్ మీద అనుమానం ఉంటే దాన్ని పూర్తిగా వెనక్కి తోసెయ్యండి. పొట్టి కడ్డీని చక్‌లో మాత్రమే పట్టించి తిప్పండి. అప్పుడూ ఒక చివర లావు వస్తే తప్పు టెయిల్‌స్టాక్‌ది కాదు, దాన్ని ఎవరూ జరపలేదు.

ఈ రెండూ చూడకముందే రత్తయ్య పేరు ఎత్తకండి. పొరుగువాడు. రేపు ఏ అవసరానికైనా ముందు పరిగెత్తుకొచ్చేది అతనే.

అసలు మిషన్ మట్టంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూశారా? మా మిల్లులో నేల కుంగితే షాఫ్టులన్నీ వంకర తిరుగుతాయి. అక్కని అడిగానని చెప్పండి. చెప్పడానికి ఇబ్బందైతే వద్దు.

రూబెన్


జగ్గయ్యపేట,
19-7-2023

రూబెన్‌కి,

నువ్వు చెప్పిన రెండూ చేశాను. గేజ్ సరిగ్గానే ఉంది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. టెయిల్‌స్టాక్ వెనక్కి తోసినా కడ్డీ ఒక చివర లావుగానే వచ్చింది. కాబట్టి ఎవరో మిషన్ కాళ్ల దగ్గర ఏదో చేస్తున్నారు. బోల్టులు వదులు చెయ్యడమో, కింద చెక్కలు పెట్టడమో. చూస్తే కనపడటం లేదు. కనపడకుండా చేసేవాడే పనివాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. పోయిన ఆదివారం నేను గుడిలో ఉన్నప్పుడు మా ఇంటికి ఎందుకు వచ్చావు?

కాదనకు. లేత్ పొడవునా ఉండే ఇనుప పట్టాల మీద, అదే బెడ్ మీద, తుప్పు పట్టకుండా నేను నూనె రాసి ఉంచుతాను. ఆ నూనె పొరలో జానెడు పొడవున సన్నటి పట్టీ లాంటి గుర్తు పడి ఉంది. చక్ దగ్గర ఒకటి, అవతలి చివర ఇంకొకటి. రసమట్టం ఆనించిన గుర్తు అది. రసమట్టం గురించి నాకు రాసింది నువ్వే. వంటింట్లో రెండు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. తలనొప్పిగా ఉందని గుడికి రాకుండా ఇంట్లో ఉండిపోయింది మీ అక్క. ఎవరొచ్చారని అడిగితే ఎవరూ రాలేదని తల అడ్డంగా ఊపింది.

మిషన్ పొడవూ వెడల్పూ చూసుకోవడానికి వచ్చావా? నందిగామలో ఎక్కడ పెట్టాలో చోటు కూడా చూసుకున్నావేమో. కావాలంటే నా ముఖం చూసి అడుగు. మీ అక్కా నువ్వూ కలిసి నా వెనక తిరగొద్దు. వినపడని మనిషికి కనపడదనుకోవద్దు.

ఆశీర్వాదం


నందిగామ,
24-7-2023

బావగారికి,

అవును, వచ్చాను. అక్క ఫోన్ చేసి ఏడిస్తే వచ్చాను.

ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "తమ్ముడూ, ఈయన నిద్రపోవట్లేదురా. పొద్దున లేస్తే షెడ్లో నేల మీద బోర్లా పడుకుని బోల్టులు చూస్తాడు. రత్తయ్య వాళ్లు కూర పంపితే ఆ గిన్నె ఎందుకు మనింటికొచ్చిందని అడిగాడు. నిన్న నా వంక కూడా అట్టా చూసాడు. దొంగొస్తాడని నాకు భయంలేదు. ఈయనంటేనే భయమేస్తంది." ఇదీ అక్క మాట. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. మీరు అక్కనే అనుమానిస్తున్నారు కాబట్టి ఒట్టు పక్కన పెట్టి రాస్తున్నాను.

మీరు ఉన్నప్పుడు వస్తే షెడ్డులోకి రానివ్వరని భయపడి లేనప్పుడు వచ్చాను. రసమట్టం పెట్టింది నేనే. చక్ వైపు బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. అవతలి చివర బుడగ ఇంటివైపుకి పరుగెత్తింది. అంటే అక్కడ పెరటి గోడ వైపు కాలు దిగింది. ఒకే మిషన్ బెడ్ అక్కడ ఒక తీరు, ఇక్కడ ఒక తీరు ఉంటే అది మెలి తిరిగినట్టు. మెలి తిరిగిన బెడ్ మీద షాఫ్ట్ ఎవరు తీసినా ఒక చివర లావే వస్తుంది. ఇందులో ఎవరి చెయ్యీ లేదు బావగారూ. నేల కుంగుతోంది.

అక్క ఇంకో మాట చెప్పింది. బట్టలు ఉతికేటప్పుడు షెడ్డు నేలలోంచి అప్పుడప్పుడు టక్‌మని చప్పుడు వస్తోందట. ఎలకలేమో అనుకుందట. మీకు అది వినపడే వీలు లేదు. నేలమీద సిమెంటు సన్నగా పగిలి ఉంది, చూశారా?

దయచేసి ఆ చివర నిలబడి పనిచెయ్యకండి. మేస్త్రీని పిలిచి చూపించండి.

రూబెన్


జగ్గయ్యపేట,
9-8-2023

రూబెన్‌కి,

నీ ఉత్తరం అందింది. నేల కుంగుతోందని నువ్వంటావు. ఆ షెడ్డు నేల నేనే దగ్గరుండి వేయించాను. కింద ఇక్కడి రాతినేల. నందిగామ నల్లరేగడిలా వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిచ్చే నేల కాదు. అందుకే ఎవరి మాటా నమ్మకుండా నేనే తేల్చుకుందామనుకున్నాను.

అటాచ్‌మెంట్‌ని మిషన్ మీంచి విప్పాను. షెడ్డుని ఆనుకుని ఉన్న ఇంటిగోడలో ఒక ఇనుప యాంగిల్ దింపి, బ్రాకెట్‌ని దానికి బిగించాను. గేజ్ పిన్ను లేత్ చివరి కాలి మీద ఆనేలా పెట్టి, సూదిని సున్నా దగ్గర నిలబెట్టాను. ఎవడు వచ్చి ఆ కాలు ముట్టుకున్నా సూది తప్పుతుంది. షెడ్డుకి కొత్త తాళం కొన్నాను. తాళంచెవి మీ అక్కకి ఇచ్చాను. నేను నా చేతిలో పెట్టుకుంటే నేనే తీశానని రేపు మీరే అంటారు.

పొద్దున తాళం తీయించి చూస్తే సూది సున్నా దగ్గర లేదు. బాగా జరిగి ఉంది. తాళం చెక్కుచెదరలేదు.

తాళంచెవి ఎవరికిచ్చావని మీ అక్కని అడిగాను. గట్టిగానే అడిగినట్టున్నాను, నా గొంతు నాకు తెలియదు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఆవిడ తాళంచెవి నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, లోపలికి వెళ్లి సంచీలో చీరలు సర్దుకుంది. బస్టాండుకి నడిచే వెళ్లింది. నేను గేటు దాకా వెళ్లాను. వెనక్కి తిరిగి చూడలేదు.

నీ దగ్గరికే వచ్చి ఉంటుంది. చేరిందో లేదో రాయి. మోకాలి నూనె ఇక్కడే మర్చిపోయింది.

తాళంచెవి ఎవరికీ ఇవ్వకపోతే సూది ఎలా కదిలింది? ముందు రోజు వాన పడింది. వాన తాళాలు తియ్యదు కదా.

ఆశీర్వాదం


నందిగామ,
12-8-2023

బావగారికి,

అక్క చేరింది. మోకాలి నూనె ఇక్కడ కొన్నాను.

వచ్చిన మర్నాడు బియ్యం ఏరుతూ అంది. "అంత పెద్ద గొంతేసుకుని వీధిలో అడిగాడ్రా, తాళంచెవి ఎవడికిచ్చావని. ఎవడికి అన్నాడు. అవతల రత్తయ్య భార్య నిలబడుంది. ఇన్నేళ్లు ఆయనకి చెవి నేనే అయ్యా. బజారులో ఎవరేమన్నా ఆయన చెయ్యి పట్టుకుని చెప్పినదాన్ని. నా మాట మీదే నమ్మకం లేకపోతే ఇంక నేనక్కడ ఏం చెయ్యాలి?" దీనికి సమాధానం మీ దగ్గర ఉంటే రాయండి, చదివి వినిపిస్తాను.

సూది సంగతి. బావగారూ, మీరు ఎవర్నీ నమ్మరు. సరే. గేజ్‌ని నమ్ముతారు కదా? దాన్ని పరీక్షించి సరిగ్గా ఉందన్నది మీరే. బ్రాకెట్ చేసింది మీరు, గోడకి బిగించింది మీరు, తాళం కొన్నది మీరు. తలుపు మూసి ఉంది, లోపలికి ఎవరూ రాలేదు, వాన పడింది, కాలు కిందికి దిగింది. ఇంకెవరు చెప్పాలి మీకు?

కింద రాయి ఉందంటున్నారు. అంతటా ఉందా? ఆ స్థలం మీరు కొనకముందు అక్కడ ఏముండేదో ఎప్పుడైనా అడిగారా? అమ్మింది రత్తయ్య తండ్రే కదా. వెళ్లి అడగండి. రత్తయ్యని అడగడం చిన్నతనం అనిపిస్తే వాళ్లమ్మ ఆదెమ్మగారిని అడగండి.

ఈ ఉత్తరం అందాక షెడ్డులోకి వెళ్లకండి. ఇది నేను ఒక్కణ్ణే చెబుతున్న మాట కాదు. పేరు రాయొద్దంది.

రూబెన్


జగ్గయ్యపేట,
21-8-2023

రూబెన్‌కి,

అరుగు మీదే కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు చూసి ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం శనివారం అందింది. చదివి కూడా నేను ఆదెమ్మని అడగలేదు. అడగడానికి మనసొప్పలేదు. ఇవాళ పొద్దున్నే వాన వెలిశాక సూది చూద్దామని షెడ్డు తాళం తీశాను. వెళ్లొద్దన్నారు, వెళ్లాను. సూది పూర్తిగా ఒక చుట్టు తిరిగి ఆగిపోయి ఉంది. గేజ్ పిన్ను కాలిని వదిలేసి గాలిలో ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను.

ఎవరో నా చొక్కా పట్టుకుని లాగారు. తిరిగి చూస్తే ఆదెమ్మ. ముసలావిడ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. నోరు కదుపుతోంది, నాకు ఒక్క ముక్కా అందలేదు. నిజం చెబుతున్నాను రూబెన్, ఆ నిమిషంలో కూడా నేను అనుకున్నది ఒకటే. రత్తయ్య పంపాడు, నన్ను షెడ్డులోంచి బయటికి రప్పించడానికి పంపాడు. చెయ్యి విదిలించాను.

ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది. మాట ఆపేసింది. రెండు చేతులూ పైకెత్తి, ఒక చెయ్యి కింద ఒక చెయ్యి వేస్తూ, తాడు లాగుతున్నట్టు లాగింది. ఆపి, నా కాళ్ల కింద నేలని చూపించింది. మళ్లీ లాగింది. ఈసారి నడుం వంచి, నిండిన బిందె అందుకుని చంకన పెట్టుకున్నట్టు పెట్టుకుంది.

అప్పుడు తెలిసింది. నీళ్లు చేదుతోంది. అక్కడ బావి ఉండేది.

ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికొచ్చాను. వాకిట్లో అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ చేతులతో చెబుతూ ఉంది, కొంత పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. వీధిలోకి పంపు నీళ్లు వచ్చాక ఆ బావిని క్వారీ రాళ్లతో, చెత్తతో పూడ్చేశారట. స్థలం అమ్మినప్పుడు వాళ్లాయన నాకు చెప్పే ఉంటాడని ఇన్నాళ్లూ అనుకుందట. నేను లేత్ పెట్టుకుంటే, గట్టిచేసుకుని పెట్టుకున్నాడులే అనుకుందట. ఈ పొద్దున షెడ్డు నేలలోంచి పెద్దగా చప్పుడు వస్తే బావి గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చిందట.

ఇంకా ఎండ ముదరలేదు. అరుగు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను, అరికాళ్లలో ఏదో తెలిసింది. చప్పుడు నాకు వినపడలేదు. ఆదెమ్మ రెండు చెవులూ మూసుకోవడం చూశాను. పెరట్లోకి వెళ్తే షెడ్డు పై రేకు ఒక మూలకి వాలిపోయి ఉంది. నేల మధ్యలో నల్లగా నోరు తెరుచుకుంది. లేత్ చివర అందులోకి వంగి, చక్ వైపు పైకి లేచి నిలబడింది.

మీ అక్క రోజూ బట్టలుతికే బండ షెడ్డు వెనకే ఉంటుంది, నీకు తెలుసు. బండ లేదు. అదీ లోపలికి పోయింది. సరిగ్గా ఆవిడ ఉతికే వేళ.

నేను అనుమానించి వెళ్లగొట్టకపోతే ఆవిడ ఆ బండ దగ్గరే ఉండేది. ఇది మంచి అనుకోవాలో, ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు. ఇది చదివి వినిపించు. నా దగ్గర సమాధానం ఉంటే రాయమన్నావు. సమాధానం లేదు. తప్పు నాది.

ఆశీర్వాదం


నందిగామ,
25-8-2023

బావగారికి,

దేవుడికి స్తోత్రం. మీరు క్షేమం, అది చాలు.

ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. బండ దగ్గరికి వచ్చేసరికి అక్క లేచి వెళ్లి పెరట్లో ఆరేసిన బట్టలు తియ్యడం మొదలుపెట్టింది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. నేను చదవడం ఆపితే "చదవరా, వింటన్నా" అంది.

అంతా విన్నాక ఒక్కటే అడిగింది. "రత్తయ్యకి చెప్పాడా?"

ఏం చెప్పాలక్కా అన్నాను. "నిన్ను దొంగనుకున్నా అని చెప్పాడా? వాళ్లమ్మ వచ్చి ప్రాణం కాపాడింది. వాళ్ల కూరగిన్నెని కూడా అనుమానించిన మనిషి. నా దగ్గర తప్పు ఒప్పుకోడం తేలిక, నేను పెళ్లాన్ని. ముందు అక్కడ ఒప్పుకోమను. తర్వాత నా సంగతి."

నేను బతిమాలాను. కదలలేదు. మీకు అక్క సంగతి నాకంటే బాగా తెలుసు.

లేత్ పోతే పోనివ్వండి. దాన్ని పైకి తీస్తానని ఆ గుంట దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. నేను వీలు చూసుకుని వస్తాను. ఈసారి చెప్పే వస్తాను.

రూబెన్


జగ్గయ్యపేట,
10-9-2023

రూబెన్‌కి వందనాలు.

రత్తయ్యకి చెప్పాను. తేలికగా అవలేదు. నాలుగైదుసార్లు అతని షాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఇబ్బంది ఏమిటంటే, నేను అతన్ని అనుమానించిన సంగతే అతనికి తెలియదు. క్షమించమని అడగాలంటే ముందు ఆ సంగతి చెప్పాలి. చివరికి ఒక సాయంత్రం షాపు మూస్తుంటే వెళ్లి చెప్పేశాను. షెడ్డులోకి వచ్చి నా మిషన్ చెడగొడుతున్నది నువ్వేనని ఈ ఎండాకాలం నుంచి అనుకుంటున్నాను అన్నాను.

అతను షట్టర్ వదిలేసి నా ఎదురుగా వచ్చాడు. తర్వాత, నాకు అందాలని ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "నేనా? నీ షెడ్లకా?" మా ఇంటి వైపు చెయ్యి చూపి, "నీ షెడ్డు రేకు ఒక పక్కకి ఒరుగుతందని గోడ దగ్గర నిలబడి చూసిన. రెండుసార్లు గేటు కాడ ఆపి చెప్పిన. తలూపినవ్. ఏందీ మనిషి, చెప్పినా పట్టించుకోడు అనుకున్నా."

నిజమే. వినపడకపోయినా తల ఊపడం నాకు అలవాటు. మళ్లీ మళ్లీ చెప్పించుకోవడం నామోషీ. ఎంతమంది ఎన్ని చెబితే తల ఊపి వచ్చేశానో ఇప్పుడు లెక్క తెలియదు.

రత్తయ్య షట్టర్ కిందికి లాగి వెళ్లిపోయాడు. రెండు మూడు రోజులు ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున చూస్తే మా పెరట్లో మూడు ఇనుప పైపులు నిలబెట్టి, పైన చెయిన్ పుల్లీ కడుతున్నాడు. నన్ను పలకరించలేదు. నేనూ మాట్లాడకుండా గొలుసు అందుకున్నాను. మధ్యాహ్నానికి లేత్ పైకి వచ్చింది. నిన్ను పిలవకుండా చేశామని కోప్పడకు. నడుముకి తాడు కట్టకుండా నన్ను ఆ గుంట దగ్గరికి రానివ్వలేదు అతను.

లేత్ బెడ్ టెయిల్‌స్టాక్ వైపు పగిలింది. చక్ వైపు బాగానే ఉంది. చిన్న బుష్షులకి పనికొస్తుంది, పొడుగు షాఫ్టులకి ఇక పనికిరాదు. నువ్వు వచ్చి ఒకసారి చూడు. ఏం చెయ్యాలో నువ్వూ నేనూ కలిసే అనుకుందాం. మామయ్య ఉంటే నిన్నే అడగమనేవాడు.

వత్సవాయి ఆయన దగ్గరికి బస్సులో వెళ్లి, మీ షాఫ్టులు రెండూ నా మిషన్ తప్పు వల్లే చెడ్డాయని చెప్పి వచ్చాను. ఆయన పత్తిచేలో ఉన్నాడు, అక్కడికే వెళ్లాను. గుంటని రేపటి నుంచి పూడ్చడం మొదలుపెడతారు. ఈసారి నేను పక్కనే నిలబడి అడుగు నుంచి గట్టి చేయిస్తాను.

నేను ఒప్పుకున్నానని రత్తయ్య భార్య ఫోన్ చేసి చెప్పిందట, మీ అక్క నిన్న వచ్చింది. నువ్వు బస్సెక్కించావని కూడా రత్తయ్య భార్యే సైగ చేసి చెప్పింది, కానీ ఏ బస్సో నాకు తెలియదు కదా, మధ్యాహ్నం నుంచి గేటు దగ్గరే నిలబడ్డాను. ఆటో దిగింది. నా వైపు చూసి, నన్ను దాటి, నేరుగా రత్తయ్య వాళ్లింట్లోకి వెళ్లింది. సాయంత్రం దాకా ఆదెమ్మ పక్కన మంచం మీద కూర్చునే ఉంది. అక్కడే టీ తాగింది. నేను వాకిట్లో నిలబడితే కిటికీలోంచి కనపడుతూనే ఉంది. లోపలికి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

పొద్దు వాలాక వచ్చింది. సంచీ అరుగు మీద పెట్టి తిన్నగా పెరట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. గుంట అంచుకి కాస్త ఇవతల ఆగి లోపలికి చూసింది. బండ ఉన్న చోటు చూసింది.  తర్వాత, నా వైపు తిరక్కుండానే, నా చొక్కా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

ఏమన్నా అంటోందేమో, నాకు వినపడటం లేదేమోనని ముఖంలోకి తొంగి చూశాను. పెదాలు కదలడం లేదు.

మీ బావ,
ఆశీర్వాదం